ఇత్తడి కరగదు

"మీవారు బండి స్టార్ట్ చేసింది ఎన్నింటికి?"

"ఆరున్నరకి. ప్రతి ఆదివారం అదే టైము. గడియారం తప్పినా ఆయన తప్పరు."

"మంట లేచింది?"

"ఆరూ నలభైకి. పాలు పొయ్యి మీద పెట్టి టైము చూశాను. అప్పుడే షెడ్డులో ధబ్‌మంది."

పది నిమిషాలు. సర్వేయరమ్మ రెండు అంకెలూ పుస్తకంలో రాసుకుని మధ్యలో గీత గీసింది. ఆమెకి యాభై ఏడేళ్ళు. మంటలు ఆరాక వెళ్ళి, అవెందుకు అంటుకున్నాయో తేల్చడం ఆమె పని. ఇన్సూరెన్సు వాళ్ళూ పోలీసులూ అందరూ ఆమెను సర్వేయరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు ఆమెకే అప్పుడప్పుడు కొత్తగా వినిపిస్తుంది.

ఎదురుగా కూర్చున్నావిడ భర్త మోటార్‌సైకిళ్ళ కంపెనీలో క్వాలిటీ మేనేజరుగా చేసి, నాలుగేళ్ళ క్రితం రిటైరయ్యాడు. మొన్న ఆదివారం ఉదయం, తన కంపెనీవాళ్ళే చేసిన పద్దెనిమిదేళ్ళ పాత బండి పక్కన కాలిపోయాడు. పాత బండి, పాత పైపు, ప్రమాదం అని పోలీసులు రాసేశారు. ఇవాళ సాయంత్రం అయిదుకి ఫైలు మూసేస్తారు.

"ప్రమాదం కాదండీ. నా మొగుణ్ణి చంపారు," అందావిడ. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది కానీ కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. "ఎవరో నాకు చూపించండి చాలు. కోర్టు సంగతి తర్వాత."

"చంపారని ఎందుకనుకుంటున్నారు?"

"ఆ బండికి పెట్రోలు కారే వస్తువు లేదు గనక."

అనేసి ఠక్కున ఆగిపోయింది. సర్వేయరమ్మ పెన్ను కింద పెట్టింది.

"కారే వస్తువంటే?"

"ఏదో... మాటవరసకి అన్నాను."

"అమ్మా, మీరు మాటవరసకి అనే మనిషి కాదు. నేను వినకుండా పోయే మనిషినీ కాదు. చెప్పండి."

చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆవిడ నెమ్మదిగా బయటపెట్టింది. తొమ్మిదేళ్ళ క్రితం ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి మనిషి వచ్చి, ట్యాంకు కిందుండే తెల్లలోహపు పెట్రోల్ ట్యాప్ తీసేసి ఇత్తడిది బిగించాడు. పాతదాంట్లో రబ్బరు బిళ్ళ ఏళ్ళు గడిచేకొద్దీ ఉబ్బి చిట్లిపోతుంది. ట్యాప్ కట్టేసినా పెట్రోలు చుక్కలు చుక్కలుగా కిందనున్న వేడి ఇంజిన్ మీద పడుతుంది. ఆఫీసర్ల బండ్లన్నిటికీ గుట్టుచప్పుడు కాకుండా మార్చారు.

"ఎవరికీ చెప్పొద్దన్నారు ఆయన," అంది.

"మరి డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్ళ బండ్లకి?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. "అవన్నీ ఆడవాళ్ళతో చెబుతారా?"

"మొన్నీమధ్య బండి ఎవరైనా ముట్టుకున్నారా?"

"గురువారం. పదకొండింటికి. కంపెనీ నుంచి వచ్చారు, పాత బండ్లకి ఉచితంగా చెకింగట. ఆయనే షెడ్డులోకి తీసుకెళ్ళారు. నేను ఫోన్లో ఉన్నాను. కిటికీలోంచి నీలం యూనిఫాం, టోపీ కనపడ్డాయి, అంతే. అరగంటలో వెళ్ళిపోయారు."

"వాసన?"

"శనివారం సాయంత్రం నుంచీ. చెప్పాను కూడా. పాత బండన్నాక పెట్రోలు వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అన్నారు."

సర్వేయరమ్మ ఆ మాట రాసుకోలేదు. రాసుకోవాల్సిన అవసరం లేదు. 'పాత వాహనాలకు పెట్రోలు వాసన సహజం' అన్న వాక్యం ఆమె తొమ్మిదేళ్ళ క్రితం ఒక ఫైల్లో చదివింది. పెట్రోలు కారుతోందని మొరపెట్టుకున్న వాళ్ళందరికీ కంపెనీ పంపిన జవాబు అది. కింద ఈ మేనేజరు సంతకమే ఉంది.

*

షెడ్డు ఇంటి వెనక ఉంది. పదడుగుల వెడల్పు, ఇనుప తలుపు, రేకుల కప్పు. గోడ పైసగం నల్లగా మసిబారింది, కిందిసగం రంగు పొక్కులు లేచింది. మధ్యలో బండి అస్థిపంజరంలా నిలబడి ఉంది.

సర్వేయరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని నేలమీద పడుకుని కింది నుంచి చూసింది. ట్యాంకు ఉబ్బింది కానీ పగల్లేదు. ట్యాప్ ఉండాల్సిన చోట రెండు బోల్టులు మాత్రం వేలాడుతున్నాయి. దానికి సరిగ్గా కింద, సిమెంటు నేల మీద, శనగగింజలంత వెండిరంగు ముద్దలు. గోటితో గీరితే గీత పడింది. మెత్తని తెల్లలోహం.

పక్కనే కార్బురేటర్ కరిగి కారిపోయింది. కానీ అందులో పెట్రోలు చిమ్మే చిన్న ఇత్తడి జెట్, నల్లబడి, చెక్కుచెదరకుండా బూడిదలో పడి ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూసింది. మర కూడా అరగలేదు.

ఒకే మంట, ఒకే చోటు. జెట్ కరగనప్పుడు, దానికి జానెడు దూరంలో ఉన్న ఇత్తడి ట్యాప్ ఎలా కరుగుతుంది? ఇత్తడి కరగలేదు. మంట లేచేసరికి ఆ బండికి ఇత్తడి ట్యాప్ లేనే లేదు. గురువారం పదకొండింటికి వచ్చినవాళ్ళెవరో దాన్ని విప్పి, ఏనాడో తీసేసిన ఆ పాత రకం ట్యాప్‌ని, చిట్లిన రబ్బరు బిళ్ళతో సహా, తిరిగి బిగించి వెళ్ళారు.

"ఆ వయసులో నేలమీద పొర్లితే నడుం పట్టేస్తుంది మేడమ్."

గొంతు వినగానే తెలిసింది. ఆమె లేవకుండానే అంది: "ఇస్త్రీ నలిగిపోతుంది, అక్కడే ఆగు."

అతనికి ఇస్త్రీ అన్న పేరు పెట్టింది ఆమే. పదేళ్ళ క్రితం ఆమె కింద జూనియర్‌గా చేరినప్పుడు, కాలిన గోడౌన్లోకి కూడా మడత నలగని చొక్కాతో వచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి మోటార్‌సైకిళ్ళ కంపెనీవాళ్ళు అతన్ని తమ ప్రమాదాల విభాగంలోకి తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఆమెకు ఆలస్యంగా అర్థమైంది.

"బండి కంపెనీ సొత్తు. వ్యాను తెచ్చాను," అన్నాడు, ఒక కాగితం చూపిస్తూ.

"నా రిపోర్టు ఇచ్చేదాకా దీని మీద ఈగ వాలడానికి వీల్లేదు. కావాలంటే ఇన్సూరెన్సు వాళ్ళతో మాట్లాడుకో."

"రిపోర్టులో ఏముంటుంది? పాత బండి. యజమాని అజాగ్రత్త."

"హత్య."

అతను నవ్వలేదు. చుట్టూ చూసి తలుపు దగ్గరికి లాగాడు. "అలా రాయొద్దు."

"అదేంటి? మీ మేనేజర్నే చంపారు. మీకు కోపం రావాలి కదా?"

"మేడమ్, హత్య అంటే ఎందుకు అంటారు. ఎందుకు అంటే ట్యాప్ అంటారు. ట్యాప్ అంటే... ఇంకా రోడ్డు మీద వేల బండ్లు తిరుగుతున్నాయి. మాకు ప్రమాదమే ముద్దు. చచ్చినాయన కూడా బతికుంటే ఇదే చెప్పేవాడు."

"చంపినవాణ్ణి వదిలేస్తారా?"

"మీరు నీతులు చెప్పకండి." మొదటిసారి అతని గొంతు లేచింది. "ఆ రైల్వే గేటు దగ్గర నర్సు కాలిపోయిన కేసు గుర్తుందా? ఆమె అన్న, ఆ రోడ్డు పక్క మెకానిక్, చేతకాని రిపేరు చేయడం వల్లే పెట్రోలు కారిందని రాసింది నేనే. ఒప్పుకుంటాను. మరి కింద రెండో సంతకం ఎవరిది? బండి మొహం కూడా చూడకుండా, ఆఫీసులో కూర్చుని పెట్టిన సంతకం?"

సర్వేయరమ్మ చీర దులుపుకుంటూ లేచి నిలబడింది. చెంప మీద మసి చార పడింది.

"నాది," అంది.

"మరింకేం. సాయంత్రం అయిదుకి నేను ఆఫీసు నుంచి బయల్దేరేలోపు 'ప్రమాదం' అన్న కాగితం నా బల్ల మీద ఉండాలి. లేదంటే ఆ పాత రిపోర్టు రేపు పేపర్లో ఉంటుంది. నేను మునిగితే ఒంటరిగా మునగను మేడమ్."

*

పన్నెండు నుంచి మూడున్నర దాకా ఆమె తన ఆఫీసులో తలుపేసుకుని ఆ పాత ఫైలు చదివింది. చనిపోయిన నర్సు వయసు ముప్పై ఎనిమిది. గేటు పడితే బండి ఆపింది. వెనక సీటు మీద పద్నాలుగేళ్ళ కూతురు. తల్లి ఆ పిల్లని కిందికి తోసేసింది, చెయ్యి మోచేతి దాకా కాలింది. తను దూకలేకపోయింది. బండికి సర్వీసు చేసింది నర్సు అన్న. తొమ్మిదేళ్ళుగా ఊరంతా అతన్ని చెల్లెల్ని చంపుకున్న అన్నగానే చూస్తోంది. ఆ మచ్చ వేసింది రెండు సంతకాలు.

నాలుగూ ఇరవైకి సర్వేయరమ్మ తన భర్త వదిలిపోయిన మోటార్‌సైకిల్ మీద ఆ మెకానిక్ షాపుకి చేరింది. అదీ ఆ కంపెనీ బండే; ఇస్త్రీ అక్కడ చేరిన కొత్తలో తీసుకెళ్ళి ఉచితంగా సర్వీసు చేయించి ఇచ్చాడు. ఇరుకు సందు, ఒకటే గది. బయట చోటు లేక బండి లోపలికే తోసుకుని స్టాండు వేసింది. మెకానిక్ ఆమెను చూడగానే చేతిలో స్పానరు కింద పెట్టాడు.

"మీరెవరో నాకు తెలుసు. మీ సంతకం తెలుసు," అన్నాడు.

"తిట్టాలనుంటే తిట్టండి."

"తొమ్మిదేళ్ళు తిట్టాను. ఇప్పుడు నోరు నొప్పెడుతోంది. ఎందుకొచ్చారు?"

ఆమె షాపంతా కలయజూసింది. గోడకున్న చెక్క అరలో, నట్ల డబ్బాల మధ్య, గుడ్డలో చుట్టిన మూట ఒకటి కనపడింది. ఒక కొసన పసుపురంగు మెరుస్తోంది. వెళ్ళి విప్పింది. మూడు ఇత్తడి పెట్రోల్ ట్యాప్‌లు.

మెకానిక్ వాటిని చూశాడు. ఒక్కసారిగా అన్నాడు:

"నేనే చేశాను. మేనేజర్ని నేనే చంపాను. రాసుకోండి."

"ఎలా?"

"గురువారం వాళ్ళింటికెళ్ళాను. నీలం యూనిఫాం వేసుకున్నాను. ట్యాప్ మార్చేశాను."

"గేటు దగ్గర వాళ్ళ కుక్క మీద పడలేదా?"

"మొరిగింది. బిస్కెట్ పడేశాను."

"ఆ ఇంట్లో కుక్క లేదండీ," అంది సర్వేయరమ్మ. "ఎవరి కోసం ఉరి మెడకి తగిలించుకుంటున్నారు?"

మెకానిక్ స్టూలు మీద కూలబడ్డాడు. నూనె మరకల చేతుల్తో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి లేచి, అదే అరలో పుస్తకాల దొంతర కింద నుంచి ఒక పాత కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. మీద అచ్చులో అతని చెల్లెలి పేరు, చిరునామా. స్టాంపు వేసిన గుర్తు లేదు. లోపల ఒకే కాగితం: 'మీ వాహనం పెట్రోల్ ట్యాప్‌లో లోపం ఉంది. వెంటనే నడపడం ఆపి, దగ్గర్లోని సర్వీస్ సెంటరులో ఉచితంగా మార్పించుకోండి.' పైన తేదీ. ఆమె కాలిపోవడానికి నాలుగు నెలల ముందుది.

"అన్నీ అచ్చు వేయించారు. కవర్లలో పెట్టారు. ఒక్కటీ పోస్టు చేయలేదు," అన్నాడు. "ఆపమని సంతకం పెట్టింది ఆ మేనేజరు."

"ఇది మీకెవరిచ్చారు?"

"నా మేనకోడలు. చదువైపోగానే పంతం పట్టి ఆ కంపెనీలోనే చేరింది, పాత రికార్డుల్లో. తొమ్మిదేళ్ళు నా గుమ్మం తొక్కలేదండీ అది. అమ్మని చంపినవాడివి అని చిన్నప్పుడే మొహం మీద అనేసింది. పోయిన నెల ఒక పొద్దున వచ్చి, ఈ కవరు నా కాళ్ళ దగ్గర పెట్టి, మామయ్యా అని ఏడ్చింది. స్టోర్ రూములో ఇలాంటివి పెట్టెలకొద్దీ ఉన్నాయట. నేను కేసు వేద్దాం అన్నాను. సరే మామయ్యా అంది. ఆ సరే అన్న తీరు చూసి నేను భయపడాల్సింది."

"ఈ మూట ఆమే పెట్టిందా?"

"గురువారం ఒక ట్యాప్. ఇవాళ రెండింటికి అన్నానికొచ్చి ఇంకో రెండు. దాచిపెట్టు మామయ్యా, కేసుకి పనికొస్తాయి అంది. మేనేజరు సంగతి పేపర్లో చదివాక గురువారం ట్యాప్ లెక్క నాకు అర్థమైంది. కానీ..."

"ఇవాళ రెండు," అంది సర్వేయరమ్మ. ఒకటి ఎవరిదో చెప్పక్కర్లేదు. ఇస్త్రీ ఉదయం వ్యానులో వచ్చాడు. అతని మోటార్‌సైకిల్ పొద్దుట్నుంచీ కంపెనీ పార్కింగులోనే ఉంది. ఆ అమ్మాయి పనిచేసే చోటే. అయిదింటికి దాని మీదే ఇంటికి పోతాడు. దారిలో నాలుగు సిగ్నళ్ళు.

గడియారం నాలుగూ యాభై రెండు చూపిస్తోంది. ఆమె కవరు బల్ల మీద పెట్టి ఫోను తీసింది. మెకానిక్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యకండి."

"ఏంటి?"

"ఒక్క పావుగంట మర్చిపోండి. మిమ్మల్ని జన్మలో ఇంకేమీ అడగను. నా చెల్లెలు గేటు దగ్గర ఎంతసేపు అరిచిందో మీ రిపోర్టులో రాశారా? నేను అక్కడున్నవాళ్ళని అడిగి తెలుసుకున్నాను. నాలుగు నిమిషాలు. ఆ రిపోర్టు రాసినవాడికి నాలుగు నిమిషాలు ఇవ్వండి."

సర్వేయరమ్మ కదల్లేదు. మెకానిక్ చెయ్యి గట్టిగా ఏమీ లేదు. విదిలిస్తే ఊడిపోయేదే. ఆమె విదిలించలేదు. ఇస్త్రీ ఇందాక తలుపు దగ్గరికి లాగి, 'మాకు ప్రమాదమే ముద్దు' అన్నప్పటి మొహం కళ్ళముందుకొచ్చింది. అతను పోతే రేపు పేపర్లో ఏదీ రాదు. తన సంతకం కూడా అతనితోనే కాలిపోతుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో తెలిసేసరికి ఆమెకు భయం వేసింది.

"వాడు పోతే ఆ పిల్ల రెండు హత్యలు చేసినదవుతుంది," అంది మెల్లగా. "మీ చెల్లెలు దాన్ని బండి మీంచి తోసి మరీ బతికించింది, ఇందుకా?"

చెయ్యి సడలింది. ఆమె నంబరు నొక్కింది. నాలుగూ యాభై ఏడు.

"కాగితం రెడీయా మేడమ్?" అన్నాడు ఇస్త్రీ.

"ఎక్కడున్నావు?"

"పార్కింగులో. హెల్మెట్ పెట్టుకుంటున్నా."

"బండి స్టార్ట్ చెయ్యకు. వంగి ట్యాప్ చూడు. ఇత్తడేనా?"

హెల్మెట్ ట్యాంకుకి తగిలిన చప్పుడు. తర్వాత పలచటి గొంతు. "తెల్లది... తడిగా ఉంది. ఎవరు? ఎవరు చేశారిది?"

"మీరు పోస్టు చేయని ఉత్తరం ఎవరికి అందాలో, వాళ్ళ కూతురు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కోపంలో జారిపోయింది. అవతల ఫోను కట్టయింది.

నిమిషం కాకముందే మెకానిక్ ఫోను మోగింది. అతను స్పీకరు నొక్కాడు.

"మామయ్యా, వాడు బండెక్కలేదు!" అమ్మాయి రొప్పుతోంది. "ఎదురుగా నిలబడి చూస్తున్నాను. ఎవరో ఫోన్ చేశారు. ఎవరు చెప్పారు వాడికి?"

"సర్వేయరమ్మ చెప్పారమ్మా. చాలు తల్లీ, ఇంక ఆపేయ్."

"ఆవిడ నీకు ఫోన్ చేసిందా?"

"ఇక్కడే ఉన్నారు. నా ఎదురుగా."

"ఇక్కడే అంటే?" గొంతు మారిపోయింది. "షాపులోనా? ఆవిడ బండి ఎక్కడుంది మామయ్యా?"

"లోపలే..."

"బయటికి రా! మామయ్యా, బయటికి రా, మధ్యాహ్నం ఆవిడ ఆఫీసు దగ్గర నేనే... బయటికి రా!"

సర్వేయరమ్మ తిరిగి చూసింది. పొద్దుట్నుంచీ ఆ కాలిన షెడ్డు వాసన ఒంటినిండా ఉండటంతో ఇంకో వాసన ఆమె ముక్కుకి తెలియలేదు. ఇంజిన్ కింద నేల నల్లగా తడిసి, గోడవారన స్విచ్ వేసి ఉన్న వెల్డింగు సెట్టు దాకా పాకింది. ఆమె మెకానిక్ రెక్క పట్టుకుని లాగింది. అతను వెనక్కి తిరిగాడు. కవరు బల్ల మీదే ఉండిపోయింది, బండికి అవతల.

"వదలండి! అది నా చెల్లెలి..."

"పోనీండి!"

మెడ పట్టుకుని వీధిలోకి ఈడ్చింది. ఇద్దరూ సందులో బోర్లా పడ్డారు. వెనక ఒక్క ఊపులో గది నిండా మంట నిలబడింది. గుమ్మంలోంచి వేడిగాలి వీపు మీద తన్నింది. ఎవరో కేకలు పెడుతున్నారు, ఎవరో బకెట్లతో పరిగెత్తుతున్నారు.

మెకానిక్ చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. "మామయ్యా! మామయ్యా! పలుకు మామయ్యా!"

"ఉన్నానమ్మా," అన్నాడతను, మట్టిలోంచి తలెత్తి. "నేనున్నాను. మీ అమ్మ ఉత్తరమే లోపలుండిపోయింది."

అవతల ఏడుపు మొదలైంది. పద్నాలుగేళ్ళ పిల్ల ఏడుపులా ఉంది అది. సర్వేయరమ్మ ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మాయ్, నేను సర్వేయర్ని. ఏడవడానికి చాలా రోజులున్నాయి. స్టోర్ రూములో ఉత్తరాల పెట్టెలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి... అన్నీ ఉన్నాయి."

"వాడేం చేస్తున్నాడు? ఇంటికి పోయాడా?"

అవతల రెండడుగులు వేసిన చప్పుడు వినపడింది.

"లేదు," అంది అమ్మాయి. "బండి ట్యాంకులోంచి పెట్రోలు డబ్బాలోకి పట్టుకుని, వెనక్కి ఆఫీసులోకి, స్టోర్ రూము వైపు పరిగెడుతున్నాడు."